సినిమా కథ పట్టుకుని సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందు

రాత్రి కావలిలో రైలెక్కి, పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి సినిమా ఆఫీసుల చుట్టూ తిరుగుదామనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి.

• చేతిలో లైన్, అంటే రెండు ముక్కల్లో చెప్పే కథ ఐడియా, ఒక్కటే ఉంటే ఆగండి. ఐడియాకు కాపీరైట్ ఉండదని, దాన్ని రాసిన తీరుకే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. టీ కొట్టు దగ్గర చెప్పేసిన లైన్ గాల్లో కలిసినట్టే. సీన్లు, డైలాగులతో పూర్తిగా రాయండి. కాపీరైట్ ఆఫీసులో ఆన్‌లైన్‌లోనే రిజిస్టర్ చేసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు.

• ఎవరికి, ఏ తేదీన, ఏ వెర్షన్ ఇచ్చారో రాసి పెట్టుకోండి. మెయిల్‌లో పంపితే ఇంకా మేలు. ఉన్న ఒక్క ప్రింటూ ఒకాయన చేతిలో పెట్టి నాలుగు నెలలు ఫోన్లు చేశాను నేను. స్పైరల్ బైండింగ్ కూడా తిరిగి రాలేదు.

• ‘ఛాన్స్ ఇప్పిస్తా, కొంచెం ఖర్చవుద్ది తమ్ముడూ’ అంటే దండం పెట్టి వచ్చేయండి.

• డైలాగులు పైకి చదవండి. నెల్లూరు పాత్ర ప్రతి మాటకీ ‘ఏందబ్బయా’ అంటే అది యాస కాదు, వెక్కిరింత.

• మూడు నెలల అద్దె చేతిలో ఉంచుకోండి.