బెంగళూరులో అబార్షన్: గురువుగారిని ఏమడగాలి, డాక్టరుగారిని ఏమడగాలి

నెల తప్పిందని తెలిసి, ఉంచుకోవాలా వద్దా అన్న మాట ఇంట్లో మొదలైతే రెండు ప్రశ్నలు ముడిపడిపోతాయి. మన ధర్మం దీనికి ఒప్పుకుంటుందా? చట్టం ఒప్పుకుంటుందా? మొదటిది తేల్చే పని ప్రభుత్వానిది కాదు. రెండోదాని మీద గుడికీ మసీదుకీ చర్చికీ అధికారం లేదు. విడివిడిగా అడగండి, కానీ ఒకే వారంలో అడగండి. ఉగాదికి ఊరెళ్లినప్పుడు పెద్దవాళ్లతో మాట్లాడి, తర్వాత ఆసుపత్రి సంగతి చూద్దామని ఆగితే గడువు చేయి దాటిపోతుంది.

ముందు తేదీలు

ఒక కాగితం తీసుకుని చివరి నెలసరి మొదలైన తేదీ రాయండి. డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది ఆ రోజు నుంచే. నెలసరి క్రమంగా రాకపోతే తొలి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో వచ్చే లెక్కే నమ్మదగ్గది.

ఉదాహరణకి అది మార్చి 1 అనుకుందాం. మే 3కి 9 వారాలు నిండుతాయి. మాత్రలతో అబార్షన్‌కి అదే హద్దు. జూలై 19కి 20 వారాలు, ఆగస్టు 16కి 24 వారాలు. ఈ మూడూ ప్రభుత్వం గీసిన గీతలు.

ఇప్పుడు వాటి పక్కనే మతం గీతలు గీయండి. ఇస్లాంలో ఎక్కువమంది పండితులు పట్టుకునేది 120 రోజుల లెక్క, గర్భంలో ఆత్మ ప్రవేశించే సమయమని. ఆ 120 రోజులు మొదలయ్యేది గర్భం నిలిచిన రోజు నుంచి. 28 రోజుల నెలసరి అయితే అది దాదాపు మార్చి 15. అక్కడి నుంచి లెక్కిస్తే జూలై 13 వస్తుంది. అదే నెలసరి తేదీ నుంచి లెక్కిస్తే జూన్ 29 వస్తుంది. రెండు వారాల తేడా. ముఫ్తీగారి దగ్గర "నాలుగున్నర నెలలండీ" అని నోటితో చెబితే ఆయన ఏ లెక్కన ఫత్వా ఇస్తారో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. స్కాన్ రిపోర్ట్ చూపించి, ఈ వారాలు నెలసరి నుంచి లెక్కేసినవని చెప్పండి.

పిండంలో లోపాలు వెతికే టిఫ్ఫా స్కాన్ సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య చేస్తారు, అంటే జూలై 5 నుంచి 19 దాకా. ఇస్లాం లెక్కలోని గీతా చట్టంలోని 20 వారాల గీతా రెండూ సరిగ్గా అక్కడే ఉన్నాయి. కాబట్టి టిఫ్ఫాకి 18 వారాలు నిండగానే వెళ్లండి, వారాంతం దాకా వాయిదా వేయకండి. 11 నుంచి 13 వారాల 6 రోజుల మధ్య, పిండం మెడ వెనక నీటి పొర మందం చూసేందుకు తీసే ఎన్‌టీ స్కాన్‌ని అనవసరపు ఖర్చనుకోకండి. కొన్ని పెద్ద లోపాలు అప్పుడే బయటపడితే ఇంట్లో ఆలోచించుకోవడానికి వారాలు మిగులుతాయి.

ధర్మం అడిగేటప్పుడు

హిందువులకు పోప్ లాంటి ఒక్క గొంతు లేదు. ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను మహాపాపాల్లో చేర్చాయి. "మన శాస్త్రాల్లో అన్నిటికీ వీలుంది" అని తేల్చేసేవాళ్ల మాట నమ్మకండి. అయితే ఆ శాస్త్రాలే గర్భాన్ని నెలలవారీగా విడగొట్టి చూశాయి. పరాశర స్మృతి నాలుగో నెల దాకా స్రావం అంటుంది, అయిదు ఆరు నెలల్లో పాతం అంటుంది, ఆ తర్వాత ప్రసవమే. గర్భోపనిషత్తు ఏడో నెలలో జీవుడు చేరతాడంటుంది. గర్భంలో బిడ్డ చనిపోతే క్షణం కూడా ఉపేక్షించవద్దు, తల్లి ప్రాణానికే ముప్పు అని సుశ్రుతుడు శస్త్రవైద్యులను హెచ్చరించాడు. అందుకే పురోహితుడిని "పాపమా కాదా" అని అడిగితే ఒక్క మాటలో జవాబొస్తుంది, ఉపయోగం తక్కువ. ఎన్నో నెల, తల్లికి ప్రమాదముందా, బిడ్డకు లోపముందా అన్న మూడూ ముందు చెప్పి అడగండి.

ముస్లింలు తమ మజ్‌హబ్, అంటే హనఫీ, మాలికీ లాంటి ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో తమది ఏదో చెప్పాలి. హనఫీ పండితుల్లో కొందరు 120 రోజుల లోపు గట్టి కారణం ఉంటే అనుమతిస్తారు. మాలికీలు చాలా కఠినం. 120 రోజులు దాటాక తల్లి ప్రాణం నిలబెట్టడానికి తప్ప వద్దనే మాట మీద దాదాపు అందరూ ఉన్నారు.

క్యాథలిక్ చర్చి దృష్టిలో జీవం గర్భధారణ క్షణం నుంచే, వారాల లెక్కతో పని లేదు. కానీ ట్యూబులో నిలిచిన గర్భం వల్ల ఆ ట్యూబు తీసేయాల్సి వస్తే, బిడ్డను చంపడం ఆ చికిత్స ఉద్దేశం కాదు గనుక దాన్ని చర్చి వేరుగా చూస్తుంది. ఇప్పటికే అబార్షన్ అయిపోయి లోపల కుమిలిపోతున్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: 2016 నవంబర్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఈ పాపాన్ని క్షమించే అధికారాన్ని ఫాదర్లందరికీ ఇచ్చారు. బిషప్ దాకా వెళ్లక్కర్లేదు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో పాస్టరుకో మాట వినిపిస్తుంది. తల్లి ప్రాణం విషయంలో మీ సంఘం ఏమంటుందో సూటిగా అడగండి.

ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. బెంగళూరులో సెయింట్ జాన్స్, సెయింట్ మార్తాస్ క్యాథలిక్ సంస్థలు. అబార్షన్ కోసం అక్కడ ఓపీ చీటీ తీసుకుంటే ఒక రోజు పోతుంది. మన అబార్షన్ చట్టంలో డాక్టర్ల మనస్సాక్షికి ప్రత్యేక మినహాయింపంటూ విడి సెక్షన్ లేదు గానీ, వద్దన్న డాక్టరుతో వాదిస్తూ కూర్చునే సమయం మీకు లేదు.

ప్రభుత్వం గీత ఎక్కడ

అబార్షన్ మొదటి నుంచీ శిక్షాస్మృతిలో నేరమే. ఇప్పటికీ భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ అదే చెబుతుంది. 1964లో వేసిన శాంతిలాల్ షా కమిటీ, దొంగచాటు అబార్షన్లలో ఆడవాళ్లు చనిపోతున్న సంగతి చూసి సడలింపు సూచించింది. దాని ఫలితమే 1971 నాటి ఎంటీపీ (వైద్యపరంగా గర్భం తీయడం) చట్టం. అది డాక్టరు అభిప్రాయం మీద నడిచే మినహాయింపు, కోరగానే దక్కే హక్కులా రాసింది కాదు. అక్కడే చాలామంది తికమకపడతారు.

20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. తల్లి ప్రాణానికి ప్రమాదం, శరీరానికో మనసుకో తీవ్ర హాని, బిడ్డకు తీవ్ర లోపం, ఇవీ కారణాలు. గర్భనిరోధకం విఫలమైనా మనసుకు హాని కిందే లెక్క. 2021 సవరణలో అక్కడ "భర్త" తీసేసి "భాగస్వామి" అని మార్చారు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ కొందరికే: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భం నడుస్తుండగా భర్త పోయినవాళ్లు లేదా విడాకులైనవాళ్లు, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు, బిడ్డకు తీవ్ర లోపం ఉన్నవాళ్లు, ఇలా. పెళ్లికాని ఆడవాళ్లను ఇందులోంచి తప్పించకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న చెప్పింది. 24 వారాలు దాటితే తీవ్రమైన లోపాలకే, మెడికల్ బోర్డు ద్వారానే. బోర్డు 3 రోజుల్లో అభిప్రాయం చెప్పాలి. తల్లి ప్రాణం తక్షణం నిలబెట్టాల్సి వస్తే మాత్రం వారాల హద్దు లేదు.

అమెరికాలో ఉన్న బావగారు వాట్సాప్‌లో పంపే నియమాలు ఇక్కడ పనికిరావు. 2022 జూన్ తర్వాత అక్కడ రాష్ట్రానికో చట్టం. ఇక్కడ కర్నూలుకీ బెంగళూరుకీ ఒకే కేంద్ర చట్టం కాబట్టి సొంతూరు పరుగెత్తక్కర్లేదు. వాణీ విలాస్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. ప్రైవేట్‌కి వెళితే గోడ మీద ఎంటీపీ అనుమతి పత్రం ఉందో లేదో చూడండి, లేకపోతే వెనక్కి తిరగండి.

ఎక్కడ ఆగిపోతుంది

కౌంటర్ దగ్గర "గండన సహి తన్ని" అంటారు, మొగుడి సంతకం తెమ్మని. 18 నిండిన, మానసిక జబ్బు లేని స్త్రీకి ఫారం సి అనే అంగీకార పత్రం మీద తన సంతకం ఒక్కటే చాలు. భర్తదీ అత్తగారిదీ తండ్రిదీ చట్టం అడగదు. "ఫారం సి కొడి, గండన సహి బేకాగిల్ల" (ఫారం సి ఇవ్వండి, మొగుడి సంతకం అక్కర్లేదు) అని నిదానంగా చెప్పండి. వయసు చూపే కార్డు చేతిలో ఉంచుకోండి. ఫారం కన్నడలోనో ఇంగ్లీషులోనో ఉంటే చదివి వినిపించమని అడిగాకే సంతకం చేయండి. 18 లోపు అయితే సంరక్షకుడి రాతపూర్వక అంగీకారం తప్పదు. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పోలీసులకు తెలపాల్సి వచ్చినా, కోరితే మైనర్ పేరు బయటపెట్టక్కర్లేదని 2022 తీర్పులోనే ఉంది.

అడ్మిషన్ రిజిస్టర్‌లో మతం అనే గడి కనిపించి కొందరు బెదిరిపోతారు. అది లెక్కల కోసమే, అనుమతికి దానితో సంబంధం లేదు. ఆ రిజిస్టర్ రహస్యం. మీ పేరు బయటపెట్టిన డాక్టరుకి ఏడాది దాకా జైలు పడవచ్చు.

మందుల షాపులో మాత్రలు కొని పీజీ గదిలో వేసుకోవడం ఎక్కువగా దెబ్బకొట్టే దారి. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణం మీదకొస్తుంది. స్కాన్ చేసి గర్భసంచిలోనే ఉందని చూశాకే డాక్టరు ఇవ్వాలి. వరసగా రెండు గంటలు గంటకు రెండు ప్యాడ్లు తడిసిపోయినా, జ్వరం తగ్గకపోయినా రాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూప్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ సంగతి ముందే అడగండి.

ఆడపిల్లనో మగపిల్లాడినో తెలుసుకుని తీయించుకోవడం వేరే సంగతి. 1994 చట్టం ప్రకారం స్కాన్‌లో లింగం చెప్పడమే నేరం. 2023లో మండ్య దగ్గర బెల్లం తయారుచేసే ఆలెమనెలో స్కానింగ్ మిషన్ పెట్టి నడిపిన ముఠా దొరికిపోయింది. ఈ ఒక్క విషయంలో మతపెద్దలూ ప్రభుత్వమూ ఒకే మాట మీద ఉన్నారు.

ఆసుపత్రి కాదంటే, బోర్డు ఆలస్యం చేస్తే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, ఫోన్ 15100. తిరస్కరణ కాగితం మీద రాయించుకోండి. నోటిమాట తిరస్కరణతో కోర్టులో రోజులు వృథా అవుతాయి.

అయ్యాక ఇంట్లో మైల ఎన్ని రోజులని అడుగుతారు. గర్భస్రావానికి ఎన్ని నెలలైతే అన్ని రాత్రులు అని మనుస్మృతి లెక్క. మూడో నెలైతే మూడు రాత్రులు. డాక్టరు రమ్మన్న 15వ రోజు చెకప్‌కి అది అడ్డురాదు.