పాత డ్రిప్ పైపుతో మర్రి ఊడలు

అనంతపురం వైపు చీనీ (బత్తాయి) తోటల గట్ల మీద పనికిరాని డ్రిప్ పైపులు పడి ఉంటాయి. చెట్టు బొమ్మ చేయాలనుకునేవాళ్లకు అంతకంటే మంచి సరుకు లేదు. ముందు ఒక ముక్కను మడిచి చూడండి. పుటుక్కున విరిగితే ఎండకు పెళుసెక్కిందన్నమాట, వదిలేయండి.

16 ఎం.ఎం. పైపులు గుప్పెడు తీసుకుని బైండింగ్ వైరుతో బిగించి కడితే మాను సిద్ధం. ఊడల కోసం చివర్లను కట్టర్‌తో నిలువునా పాయలుగా చీల్చి, బాగా మరిగిన నీళ్లలో కాసేపు ముంచండి. మెత్తబడగానే పట్టకారతో తీసి, చేతికి తొడుగు వేసుకుని మెలితిప్పి, అలాగే పట్టుకుని చల్లనీళ్లలో పెడితే ఆ మెలిక చాలావరకు నిలుస్తుంది. ఊడ నేలలో దిగాక ఎలా లావెక్కుతుందో చూడాలంటే కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉండనే ఉంది.

జిగురు జోలికి పోవద్దు. ఈ డ్రిప్ పైపు పాలిథీన్, దీనికి సూపర్ గ్లూ కూడా సరిగా పట్టదు, పెయింటు పొట్టులా రాలిపోతుంది. అయినా ఆ నలుపే అందం, రంగెందుకు?

ఆకులకు పచ్చ కూల్‌డ్రింక్ బాటిళ్లు వాడండి. కత్తిరించిన ముక్కను కొవ్వొత్తి మంటకు కాస్త ఎత్తులో పట్టుకుంటే అంచులు ముడుచుకుంటాయి. ఈ పని ఆరుబయటే చేయండి. పీవీసీ పైపును మాత్రం మంట దగ్గరికి తేవద్దు, అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు వస్తుంది.