పాత ధారావాహికల పాత్రలను గీసేటప్పుడు ముఖం సాగిపోకుండా: నా అనుభవం

ఆదరణ తగ్గిన పాత ధారావాహికల పాత్రలను చూసి గీయడానికి చాలాసార్లు డీవీడీ తప్ప వేరే ఆధారం దొరకదు. దాని నుంచి తీసిన ఫ్రేములలో ముఖాలు వెడల్పుగా సాగి, కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్ళలా చీలి కనిపించేవి. స్పష్టత పెంచే ఫిల్టర్లు, ఏఐ అప్‌స్కేలింగ్, పోస్టర్లను చూసి గీయడం, ఏవీ ఫలించలేదు.

నాకు పనిచేసిన క్రమం ఇది. ముందుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లోని బీడబ్ల్యూడిఫ్ ఫిల్టరుతో డీఇంటర్లేసింగ్ చేసి, ఒకే ఫ్రేములో అల్లుకుపోయిన రెండు వేర్వేరు క్షణాల గీతలను విడదీశాను. ఆ తరువాతే, 4:3 నిష్పత్తిలో కనిపించవలసిన 720×480 ఫ్రేము ఎత్తును కదపకుండా, వెడల్పును 640కి తగ్గించి పీఎన్‌జీ చిత్రంగా భద్రపరచాను. 720×576 ఫ్రేము అయితే వెడల్పును 768కి పెంచాలి. ఎత్తును ముందే మార్చితే ఆ గీతలు కలిసిపోయి, ఇక విడిపోవు. ఆపైన వరుస ఫ్రేములను పొరలుగా పేర్చి ముక్కు, కనుబొమల రేఖలను సరిచూసుకున్నాను. అసలు పోలిక వచ్చింది అక్కడే.

ఇది అన్నిటికీ వర్తిస్తుందని చెప్పలేను: ఫిల్ముపై చిత్రీకరించి 3:2 పుల్‌డౌన్‌తో (ఫిల్ము ఫ్రేములను వీడియో వేగానికి సరిపోయేలా కొన్నిటిని మళ్ళీ చూపే పద్ధతితో) మార్చిన వాటికి ఇన్వర్స్ టెలిసినీ (ఆ మార్పును వెనక్కి తిప్పి అసలు ఫ్రేములను రాబట్టడం) మేలు, 16:9 డిస్కులకు వెడల్పు అంకెలే వేరు.