ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌లు మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగమే పికప్; దాన్ని మార్చాలంటే టంకంతో అతికిన వైర్లను విప్పాలి. గిటార్ పాతదైతే, ముఖ్యంగా 1954లో విడుదలైన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తొలి సంవత్సరాల వాద్యమైతే, ఎవరూ కదపని అసలు అతుకులకే సేకర్తలు విలువనిస్తారు కనుక, దానిలోని టంకాన్ని ముట్టుకోకపోవడమే సరైన నిర్ణయమని నా దృఢాభిప్రాయం.

మిగిలిన గిటార్ల విషయంలో, కేబుల్ ఊడదీసి, స్ట్రింగ్స్ వదులుచేసి, ఏ వైరు ఎక్కడ అతికి ఉందో స్పష్టంగా ఫొటో తీసుకోవాలి. వేడి టంకం బొట్టు పడితే పెయింటు పాడవుతుంది కాబట్టి బాడీపై మందపాటి గుడ్డ కప్పాలి. పికప్ చుట్టలోని రాగి తీగ వెంట్రుకంత సన్ననిది. పైగా అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను తనవైపు లాగుతుంది కనుక, ఆ దగ్గర చేయి అతి నిదానంగా కదలాలి.

సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న పికప్) స్థానంలో హంబకర్ (రొద తగ్గించే రెండు చుట్టల పికప్) పెట్టదలిస్తే, 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్‌కు (శబ్దాన్ని పెంచి తగ్గించే నాబ్ కింది భాగానికి) బదులు సాధారణంగా వాడే 500 కిలో ఓమ్‌ల పాట్‌ను ముందే తెచ్చుకోవాలి.

పాత టంకంలో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడుక్కోవాలి. తీసిన భాగాలన్నీ కేసులో భద్రపరచాలి.