పాలసీసా, ఉగ్గుగిన్నె, టీతరు: ఎంపిక, వాడకం, శుభ్రత

పసిబిడ్డ నోట్లో పెట్టే ఏ వస్తువునైనా కొనే ముందు దుకాణంలోనే రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, దాని భాగాలన్నీ ఊడదీసి, ప్రతి మూలకూ వేలో బ్రష్షో చేరేలా కడగడానికి వీలుందా అన్నది. రెండు, అది మరిగే నీటిని తట్టుకుంటుందా అన్నది. ఈ రెండింటికీ నిలవని వస్తువు ఎంత ఖరీదైనదైనా, ఎంత ముచ్చటగా ఉన్నా విజయవాడ, గుంటూరు వంటి ఊళ్లలో పనికిరాదని నా అభిప్రాయం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు ఉక్కపోత తోడయ్యే ఈ ప్రాంతంలో సీసా అడుగున మిగిలిన పాలు విరగడానికి ఎక్కువసేపు పట్టదు. కుళాయి నీటిని కళ్లు మూసుకుని నమ్మే పరిస్థితి కూడా లేదు. 2018 మార్చిలో గుంటూరులో కలుషితమైన నీటి వల్ల అతిసారం ప్రబలి ప్రాణాలు పోయిన సంగతి ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది.

మొదటి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ, చివరకు మంచినీళ్లు కూడా, అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోహిణీ కార్తెలో “నోరెండిపోతోంది, చెంచాడు నీళ్లు పట్టమ్మా” అని ఇంట్లో పెద్దలు తొందరపెడతారు గాని, తల్లిపాలలో అధికభాగం నీరే కాబట్టి పాలే మరికాస్త తరచుగా పడితే సరిపోతుంది. సీసా ప్రసక్తి వచ్చేది తల్లి ఉద్యోగానికి వెళ్లవలసి వచ్చినప్పుడో, పాలు చాలడం లేదని వైద్యులు నిర్ధారించి డబ్బాపాలు రాసినప్పుడో మాత్రమే. పాలసీసాలకు, శిశువుల పాలపొడులకు ప్రకటనలు ఇవ్వడాన్ని, ఉచిత నమూనాలు పంచడాన్ని 1992లో వచ్చి 2003లో సవరణ పొందిన కేంద్ర చట్టం నిషేధించింది. కనుక ఆసుపత్రి వద్దో మందుల దుకాణంలోనో ఎవరైనా ఫలానా డబ్బా మంచిదని అడగకుండానే చేతిలో పెడితే, ఆ మాటను సలహాగా తీసుకోనక్కరలేదు.

ఉగ్గుగిన్నె

సీసా కొనే ముందు ఉగ్గుగిన్నె గురించి ఒకసారి ఆలోచించమని నేను ప్రతి ఇంటికీ చెబుతాను. దీనికి పీక లేదు, మరలు లేవు, బ్రష్షు దూరని గొట్టం లేదు. నున్నటి స్టీలు ఉగ్గుగిన్నెను వేలితోనే తోమి, నీళ్లలో వేసి మరిగించవచ్చు. పండక్కో బారసాలకో కానుకగా వచ్చే వెండి గిన్నెలలో నగిషీ ఎక్కువగా ఉంటే ఆ చెక్కుడు సందుల్లో పాలు ఎండి పేరుకుంటాయి కాబట్టి రోజువారీ వాడకానికి నగిషీ లేనిదే మేలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పటిలా కరెంటు లేక, నీళ్లు కరువై, సీసాను సరిగా కడగడానికి వీలుపడని రోజుల్లో ఉగ్గుగిన్నెతోనో చిన్న కప్పుతోనో పాలు పట్టడమే వైద్యులు సూచించే పద్ధతి.

అయితే పట్టే తీరు మాత్రం మారాలి. బిడ్డను చాచిన కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, బుగ్గలు నొక్కి గొంతులో పోసే పాత అలవాటు ప్రమాదకరం. పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బిడ్డను ఒళ్లో దాదాపు నిటారుగా కూర్చోబెట్టుకుని, తలను మోచేతి మడతలో ఆనించి, గిన్నెలో సగానికి మించకుండా పాలు తీసుకుని, గిన్నె ముక్కును కింది పెదవి మీద ఆనించాలి. పాలు పెదవికి తగిలేంత వరకే గిన్నెను వంచి ఆగితే, బిడ్డ నాలుక చాపి తానే చప్పరిస్తుంది. ఒక్కొక్క గుక్క మింగాక రెండు క్షణాలు ఆగి, మళ్లీ వంచాలి. పుట్టినప్పుడు బరువు తక్కువగా ఉన్న, నెలలు నిండని బిడ్డకు ఎంత పట్టాలో, ఎలా పట్టాలో ఆసుపత్రిలో నర్సు దగ్గర ఒకసారి చూసి నేర్చుకున్న తరువాతే ఇంట్లో మొదలుపెట్టాలి.

సీసా, పీక

సీసాయే కావలసివస్తే ఐఎస్ఐ గుర్తు ఉన్నదే తీసుకోవాలి. పైన చెప్పిన 1992 నాటి చట్టం ప్రకారం ఆ గుర్తు లేని పాలసీసాను అమ్మకూడదు. ప్లాస్టిక్ సీసాలకు వర్తించే ఐఎస్ 14625 ప్రమాణం బిస్ఫినాల్-ఎ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం వాడకాన్ని 2015 నుంచి నిషేధించింది కాబట్టి, అంతకు ముందునాటి పాత సీసాలను చుట్టాలు ప్రేమగా ఇచ్చినా పక్కన పెట్టడమే మంచిది. అడుగున ముక్కోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, మరిగించవచ్చు. గాజు సీసా గీతలు పడదు, వాసన పట్టదు. జారిపడితే పగులుతుంది, అంతే. ఏదైనా మూతి వెడల్పుగా ఉండాలి, కొలత గీతలు చెరిగిపోనివై ఉండాలి. లోపల గొట్టాలు, కవాటాలు ఉండే బిడ్డ కడుపులోకి గాలి పోనివ్వని రకం సీసాలు కడుపుబ్బరం తగ్గిస్తాయంటారు గాని, ఆ సన్నని గొట్టాన్ని రోజుకు అయిదారుసార్లు కడిగే ఓపిక ఉన్నవారే వాటి జోలికి వెళ్లాలి.

పీక విషయంలో మనవాళ్లు చేసే పని ఒకటుంది: పాలు సరిగా రావడం లేదని సూదిని కాల్చి రంధ్రం పెద్దది చేయడం. అలా చేస్తే పాలు ధారగా వచ్చి బిడ్డకు పొలమారుతుంది, చిరిగిన అంచు నుంచి ముక్క తెగి గొంతులో పడే ప్రమాదమూ ఉంది. సీసాను తలకిందులు చేసినప్పుడు పాలు చుక్కచుక్కగా, సుమారు క్షణానికొకటి చొప్పున రాలాలి. అంతకన్నా నెమ్మదిగా ఉంటే వయసుకు తగిన పై సైజు పీక కొనాలి. పారదర్శకంగా ఉండే సిలికాన్ పీక మరిగించడాన్ని బాగా తట్టుకుంటుంది, పసుపురంగు రబ్బరు పీక త్వరగా ఉబ్బి జిగటగా మారుతుంది. జిగట, పగులు, రంగు మారడం ఏది కనిపించినా, కనిపించకపోయినా రెండు మూడు నెలలకొకసారి, పీక మార్చాలి.

కడగడం

పాలు పట్టడం కాగానే సీసాను చల్లటి నీళ్లతో తొలిచి పెట్టడం సగం పని. ఎండిన పాలపొర తరువాత ఎంత రుద్దినా ఒక పట్టాన వదలదు. చేతులు సబ్బుతో కడుక్కున్నాక సీసా, పీకను బిగించే మరల కట్టు, పీక, మూత అన్నిటినీ విడదీసి, వాటికోసమే ఉంచుకున్న గిన్నెలో సబ్బు కలిపిన వేడినీళ్లు పోసి కడగాలి. వంటింటి సింకులో, అంట్లతోపాటు, అంట్లు తోమే పీచుతో కడగకూడదు. గుంటూరు ఇళ్లలో ఇది మరీ ముఖ్యం: గొడ్డుకారం కలిపిన గిన్నె తోమిన పీచు పీకకు తగిలితే ఆ మంట బిడ్డ పెదవికి చేరుతుంది. ఆవకాయ కలిపిన చేతులు ఒకసారి కడిగినంత మాత్రాన కారం పోదని మనకందరికీ తెలిసిందే. సీసాకు పొడవాటి బ్రష్షు, పీకకు చిన్న బ్రష్షు విడిగా ఉండాలి. పీకను తిరగేసి లోపలి అంచును, కట్టు మరల మధ్యనున్న సందును వెలుతురుకు పట్టి చూస్తే, పైకి తళతళలాడే సీసాలో కూడా అక్కడ తెల్లటి జిడ్డు గీత కనిపిస్తుంది. చాలా ఇళ్లలో మిగిలిపోయే మురికి అదే.

కడిగినవాటిని మరిగించడానికి వెడల్పాటి గిన్నె అడుగున శుభ్రమైన గుడ్డ పరచి, వస్తువులు పూర్తిగా మునిగేలా, లోపల గాలి బుడగ మిగలకుండా అమర్చి నీళ్లు పోయాలి. గాజు సీసాను చల్లటి నీళ్లలో ఉంచి తరువాత పొయ్యి వెలిగించాలి, మరిగే నీటిలో వేస్తే పగలవచ్చు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక అయిదు నిమిషాలు చాలునని అమెరికా ఆరోగ్య అధికారులు, కనీసం పది నిమిషాలు ఉండాలని బ్రిటన్ వారు చెబుతారు. మన నీళ్లకు పదే పాటించడం మంచిది. తరువాత మరిగించిన పట్టకారుతో తీసి, శుభ్రమైన పళ్లెంలో బోర్లించి, దానంతట అదే ఆరనివ్వాలి. చీర కొంగుతోనో తువ్వాలుతోనో తుడిస్తే పడిన శ్రమంతా వృథా. బోరునీళ్లు వాడే ఇళ్లలో మరిగించిన గిన్నెకు, ఆవిరితో క్రిములను చంపే స్టీమ్ స్టెరిలైజర్ పళ్లేనికి తెల్లటి సున్నపు పొర కడుతుంది. నిమ్మరసమో వెనిగరో కలిపిన నీళ్లు కాసేపు నిలవ ఉంచి కడిగేస్తే అది పోతుంది.

పాలపొడి స్వయంగా సూక్ష్మక్రిమి రహితం కాదు కనుకనే 70 డిగ్రీలకు తగ్గని వేడినీళ్లలో కలపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది; అంటే తెర్లించిన నీటిని అరగంటకు మించి చల్లారనివ్వకుండా వాడాలి. ఇరవై లీటర్ల క్యాను నీళ్లయినా మరిగించవలసిందే. ముందు నీళ్లు కొలిచి పోసి, ఆ తరువాత డబ్బాతో వచ్చిన చెంచాతో, పైన మట్టంగా గీసి, డబ్బా మీద చెప్పినన్ని చెంచాలే వేయాలి. పొడి ఎక్కువరోజులు వస్తుందని పలచన చేస్తే బిడ్డ బరువు పెరగదు, బలానికని చిక్కన చేస్తే మూత్రపిండాలకు భారమవుతుంది. కలిపిన సీసాను కుళాయి కింద చల్లార్చి, మణికట్టు మీద రెండు చుక్కలు వేసి చూసి పట్టాలి. కలిపిన పాలు రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. బిడ్డ నోరు పెట్టిన సీసాలో మిగిలినవి గంటలోపు పారబోయాలి, ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ పట్టకూడదు. తల్లి పిండి తీసిన పాలు 25 డిగ్రీల చల్లదనంలో నాలుగు గంటలు నిలుస్తాయంటారు, మన ఇళ్లలో మే నెలలో అంత చల్లదనం ఎక్కడిది? కాబట్టి వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు అరల్లో కాక లోపలికి, తేదీ రాసి పెట్టి, నాలుగు రోజుల లోపు వాడుకోవాలి. వేడి చేయడానికి గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టడమే పద్ధతి. మైక్రోవేవ్‌లో పెడితే అక్కడక్కడా మరిగి బిడ్డ నోరు కాలుతుంది.

పళ్లు వచ్చేటప్పుడు

సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో, కొందరికి కాస్త ముందు, కొందరికి ఏడాది దగ్గరపడ్డాక, కింది చిగురు మధ్యలో రెండు పళ్లు మొలుస్తాయి. మూడేళ్లు వచ్చేసరికి పాలపళ్లు ఇరవై పూర్తవుతాయి. చొంగ కారడం, చేతికందినది కొరకడం, రాత్రి చిరాకు పడడం మామూలే. కానీ 38 డిగ్రీలు దాటిన జ్వరాన్ని, విరేచనాలను “పళ్లొస్తున్నాయిలే” అని వదిలేయడం సరికాదు. దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు కావడం వల్ల వచ్చే విరేచనాలవి. తల్లిపాలు ఆపకుండా ఓఆర్ఎస్ మొదలుపెట్టి, అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించాలి.

పళ్లు వచ్చేటప్పుడు కొరకడానికి ఇచ్చే టీతరు ఒకే ముక్కగా పోతపోసిన సిలికాన్‌దో రబ్బరుదో అయి ఉండాలి. అతుకులు, పూసలు, మెరుపు రంగు, ఊడివచ్చే చిన్న భాగాలు ఉన్నవి వద్దు. పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. విజయవాడ బీసెంట్ రోడ్డులో తోపుడుబండి మీద అట్టముక్కకు పిన్ను చేసి అమ్మే టీతరుకు ఆ గుర్తు కనిపించకపోతే, అది పది రూపాయలకు వచ్చినా కొనకండి. కొండపల్లి బొమ్మల సంగతి వేరుగా చెప్పాలి. తెల్లపొణికి కర్రతో చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేసే ఆ బొమ్మలు బొమ్మల కొలువులో కూర్చోవడానికి చేసినవి, కొరకడానికి కాదు. మెత్తటి కర్ర, అతుకు, రంగు మూడూ చొంగకు నానిపోతాయి. కూర్చునే వయసొచ్చిన బిడ్డకు అవి అందని ఎత్తులో ఉంచాలి.

టీతరును ఫ్రిజ్‌లో మామూలు అరలో పావుగంట ఉంచి ఇస్తే చిగుళ్లకు హాయిగా ఉంటుంది. ఫ్రీజరులో గడ్డకట్టించకూడదు, రాయిలా మారిన టీతరు చిగురును గాయపరుస్తుంది, లోపల ద్రవం ఉన్న రకమైతే పగులుతుంది కూడా. అసలు ఆ ద్రవం రకాలు మరిగించడానికీ పనికిరావు. తాడు కట్టి మెడలో వేలాడదీయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, ఊపిరాడని ప్రమాదం ఉంది. దిష్టి కోసం మెడలో కట్టే నల్లతాడుకూ ఇదే మాట వర్తిస్తుంది. టీతరు లేకపోయినా చల్లటి నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన మెత్తటి గుడ్డ, గోరు కత్తిరించి కడుక్కున్న వేలితో చిగురు మీద నెమ్మదిగా రుద్దడం, రెండూ బాగా పనిచేస్తాయి. జంతిక ముక్క, గట్టి క్యారెట్ ముక్క విరిగి గొంతుకు అడ్డం పడవచ్చు. పండు ముక్క వేసి ఇచ్చే వలసంచి ఫీడరు చూడ్డానికి బాగుంటుంది గాని, అరటిపండు పీచు ఆ వల కళ్లలో ఇరుక్కుని సాయంత్రానికి పులుస్తుంది. కొనవలసి వస్తే రంధ్రాలున్న సిలికాన్ రకం కొనండి.

చిగుళ్లకు పూసే మందుల్లో బెంజోకైన్ ఉన్నవాటిని రెండేళ్లలోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి దానివల్ల తగ్గిపోవచ్చు. పీకను తేనెలోనో పంచదార పాకంలోనో ముంచి నోట్లో పెట్టే అలవాటునూ మానుకోవాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. పంచదార కొత్త పళ్లను పుచ్చబెడుతుంది. నోట్లో సీసాతోనే నిద్రపోనివ్వడం వల్లా ముందు పళ్లు పుచ్చిపోతాయి.

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే మెత్తటి చిన్న బ్రష్షు మీద బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమాలి. అన్నప్రాసన అయ్యాక స్టీలు గ్లాసుతో గుక్కగుక్కగా తాగడం అలవాటు చేస్తూ, ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య సీసాను పూర్తిగా మానిపించాలి. పగటిపూట సీసాలను ఒక్కొక్కటిగా తగ్గించి, రాత్రి పడుకునే ముందు ఇచ్చేదాన్ని చివరకు ఆపితే బిడ్డ అంతగా మారాం చేయదు.