ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు: సీటు దగ్గర మొదలై బ్యాంకులో తేలే పని

అర్హత ఉన్న పిల్లలకు కాలేజీ చదువు ఉచితంగా ఉండాలా వద్దా అన్న వాదన ఎప్పటికీ తెగదు. మన ఆంధ్రప్రదేశ్‌లో అమల్లో ఉన్నది మాత్రం ఉచిత చదువు కాదు, రీయింబర్స్‌మెంట్. అంటే ఫీజు మాఫీ కాదు, కాలేజీ పుస్తకంలో మీ పేరు మీదున్న బాకీని ప్రభుత్వం పేరు మీదికి మార్చడం. దరఖాస్తు సరిగ్గా నడిస్తే ఆ మార్పు జరుగుతుంది. ఎక్కడో ఒకచోట ఆగితే బాకీ మళ్లీ మీ పేరు మీదికే వస్తుంది, అదీ సాధారణంగా ఫైనలియర్‌లో టీసీ అడిగిన రోజున బయటపడుతుంది.

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో చేరే విద్యార్థుల కోసం ఆ దారి ఇది.

సీటు రకం ముందే చూసుకోండి

పథకం అసలు మెలిక అడ్మిషన్ రోజే ఉంటుంది. ఇంజినీరింగ్‌లో కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే సీట్లు 70 శాతం, మిగిలినది కాలేజీ సొంతంగా నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా. రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాకే. ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, వాటికే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీట్లు, స్పాట్ అడ్మిషన్లు, దూరవిద్య, కరస్పాండెన్స్ కోర్సులు దీని కిందికి రావు. 'ముందు స్పాట్‌లో చేరండి, రీయింబర్స్‌మెంట్ తర్వాత చూద్దాం' అని ఎవరైనా అంటే, ఆ చూడటమన్నది ఉండదు. డిగ్రీలో చేరేవారు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారానే రండి. అలాట్‌మెంట్ ఆర్డరు కాపీ దగ్గర పెట్టుకోండి, నాలుగేళ్ల పాటు అది అవసరపడుతూనే ఉంటుంది.

ప్రైవేటు కాలేజీలో పీజీ అయితే ఇంకో జాగ్రత్త. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ఆ సీట్లను పథకం నుంచి తీసేసింది. ఆ ఏడాదికి ఏ ఉత్తర్వు అమల్లో ఉందో జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కున్నాకే డబ్బు కట్టండి. ఒక డిగ్రీ పూర్తిచేసి మళ్లీ అదే స్థాయి డిగ్రీలో చేరితే రెండోదానికి రాదు. డిప్లొమా తర్వాత లాటరల్ ఎంట్రీ బీటెక్, డిగ్రీ తర్వాత బీఈడీ లాంటివి పై మెట్టు కాబట్టి వాటికి అడ్డు లేదు.

కుటుంబ అర్హత

కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. 2019 చివర్లో వచ్చిన నిబంధనల ప్రకారం మాగాణి పదెకరాల లోపు, మెట్ట పాతికెకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఉంది. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, అయితే టాక్సీ, ట్రాక్టరు, ఆటో లెక్కలోకి రావు.

చదవడానికి తేలిగ్గా ఉన్నా గొడవంతా ఇక్కడే. ఇంటికొచ్చి చూసేవారు మీ ఇంటిని కాదు, కంప్యూటర్లో ఉన్న మీ ఇంటిని చూస్తారు. పాత కారు అమ్మేసి మూడేళ్లయినా ఆర్సీ నాన్నగారి పేరు మీదే ఉంటే, కారు ఉన్నట్టే లెక్క. పల్నాడులోనో బాపట్ల వైపో తాతగారి పొలం పంచుకోకుండా ఉండి, ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలోని 1బి పత్రంలో మొత్తం నాన్నగారి ఖాతాలో కనిపిస్తే భూమి పరిమితి దాటిపోతుంది. పెళ్లయి వేరుకాపురం పెట్టిన అన్న ప్రభుత్వోద్యోగి అయితే, అతను ఇంకా మీ ఇంటి మ్యాపింగ్‌లోనే, అంటే సచివాలయం రికార్డులోని మీ ఇంటి సభ్యుల జాబితాలోనే ఉంటే తమ్ముడి దరఖాస్తు పోతుంది. వీటిని అడ్మిషన్లకు రెండు నెలల ముందే వార్డు సచివాలయంలో సరిచేయించుకోవాలి. దరఖాస్తు తిరస్కరణ అయ్యాక అదే పనికి నాలుగింతలు తిరగాల్సి వస్తుంది.

కాగితాలు

ఆధార్, పదో తరగతి మార్కుల మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, రైస్ కార్డు. రైస్ కార్డు లేకపోతే ఆదాయ ధ్రువపత్రం కావాలి. ధ్రువపత్రాలకు మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెట్టొచ్చు, ప్రభుత్వ సేవల 'మన మిత్ర' వాట్సాప్ నంబరు 9552300009 ద్వారానూ పెట్టొచ్చు. 2022లో జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. తాడేపల్లి, మంగళగిరి గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. వంతెన దాటి విజయవాడలో చదివే పిల్లలకు కాలేజీ ఒక జిల్లా, ఇల్లు ఇంకో జిల్లా అవుతుంది. కాలేజీకి సంబంధించిన పని కాలేజీ ఉన్న జిల్లాలో, ఇంటి పరిశీలన ఇల్లున్న సచివాలయంలో. ఈ రెంటినీ కలిపేసుకుని తప్పు కార్యాలయం చుట్టూ తిరిగేవాళ్లే ఎక్కువ.

పేరు దగ్గర ఆగండి

దరఖాస్తు నమోదయ్యే జ్ఞానభూమి పోర్టల్ మీ పదో తరగతి వివరాలను, ఆధార్‌ను పక్కపక్కన పెట్టి చూస్తుంది. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే, లేదా పుట్టిన సంవత్సరం తేడా ఉంటే అక్కడే చిక్కు. మార్చాల్సింది ఆధార్‌నే, మెమోను కాదు. మెమో మార్చాలంటే పరీక్షల విభాగం దాకా వెళ్లాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మారుస్తారు. కాబట్టి మెమో తీసుకెళ్లి అక్షరం అక్షరం చూపించి మార్పించండి, రసీదు మీద ముద్రించిన స్పెల్లింగ్ చదివాకే కుర్చీలోంచి లేవండి.

దరఖాస్తు నడిచే తీరు

జ్ఞానభూమి పోర్టల్‌లో మొదట వివరాలు ఎక్కించేది కాలేజీ. స్కాలర్‌షిప్ గుమస్తాకు కాగితాలు ఇచ్చి ఊరుకోకుండా అప్లికేషన్ ఐడీ రాయించుకోండి. విద్యార్థి వేలిముద్రతో ఈకేవైసీ, అంటే ఆధార్ ద్వారా గుర్తింపు నిర్ధారణ అవుతుంది. కాలేజీ ప్రిన్సిపల్ లాగిన్ నుంచి ముందుకు పంపాలి, ఆ తర్వాత సచివాలయం పరిశీలన, చివర జిల్లా అధికారి మంజూరు. ఎక్కడ ఆగిందో స్టేటస్‌లో కనిపిస్తుంది. 'ప్రిన్సిపల్ దగ్గర పెండింగ్' అని ఉంటే సచివాలయంలో ఎంత అడిగినా లాభం లేదు.

కాలేజీ మారినవారికి ఒక మాట. పాత కాలేజీ తన లాగిన్‌లో మీ పాత ఐడీ మూసెయ్యకపోతే కొత్త కాలేజీ ఎక్కించబోయినప్పుడు 'ఇప్పటికే నమోదై ఉంది' అని వస్తుంది. టీసీ తీసుకునే రోజే ఆ పనీ చేయించండి.

రెండో ఏడాది నుంచి రెన్యువల్. అది దానంతట అది జరగదు. హాజరు 75 శాతం ఉండాలి, డిటెయిన్ అయిన, అంటే పై ఏడాదికి పంపకుండా ఆపేసిన ఏడాదికి ఫీజు రాదు.

బ్యాంకు ఖాతా

ఫీజు కాలేజీకి వెళ్తుందని ఖాతాను పట్టించుకోనివాళ్లు ఉంటారు. ఎస్సీ విద్యార్థులకు 2020లో కేంద్రం తెచ్చిన మార్పుతో ఖర్చులో 60 శాతం కేంద్రానిది, ఆ వాటా నేరుగా విద్యార్థి ఖాతాలోనే పడుతుంది. డబ్బు పడగానే ఫీజు భాగం కాలేజీకి కట్టి రసీదు తీసుకోవాలి, దాన్ని ఇంటి ఖర్చులకు వాడేస్తే బాకీ మీదే. ఇది కాక వృత్తి విద్యా కోర్సుల్లో హాస్టల్‌లో ఉండే ఎస్సీ పిల్లలకు ఏడాదికి 13,500, ఇంటి నుంచి వచ్చేవారికి 7,000 అలవెన్సు ఉంది.

'ఖాతాకు ఆధార్ లింకయింది' అని బ్యాంకువాళ్లు చెబితే సరిపోదు. లింకు వేరు, ఎన్‌పీసీఐ సీడింగ్ వేరు. సీడింగ్ అంటే మీ ఆధార్‌కు వచ్చే ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర నమోదవడం. సీడింగ్ ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకులోనే ఉంటుంది. ఆఖరిసారి ఎక్కడ చేయించారో డబ్బు అక్కడికే పోతుంది. బస్టాండు దగ్గర టెంటు వేసి సిమ్ముతో పాటు ఇచ్చిన ఖాతాకు తెలియకుండానే అది మారిపోయి ఉండొచ్చు. ఆధార్ వెబ్‌సైటులో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. ఇంటర్‌లో మైనర్‌గా తెరిచిన ఖాతాకు 18 నిండాక మళ్లీ కేవైసీ ఇవ్వాలి. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది, అప్పుడప్పుడూ వంద రూపాయలు వేసి తీస్తూ ఉండండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు

ప్రభుత్వం నుంచి విడుదల ఆలస్యమైతే ఆ భారం విద్యార్థి మెడకు చుట్టడం అన్యాయం. మంజూరై విడుదల కాని ఫీజుకు కాలేజీకి బాకీదారు ప్రభుత్వమే, విద్యార్థి కాదు. యూజీసీ 2018లోనే ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోరాదని నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్ రోజు వాటిని చూపించి, జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. ఇచ్చి ఉంటే ఏయే కాగితాలు ఇచ్చారో స్టాంపు వేసిన రసీదు తీసుకోండి. బాకీ కట్టమని నోటిమాటగా అడిగితే ఏ ఏడాదికి, ఏ క్వార్టరుకు, ఎంత అన్నది రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ కాగితంతో పాటు జ్ఞానభూమి స్టేటస్ ప్రింటు జతచేసి జిల్లా సాంఘిక సంక్షేమ శాఖలో ఇచ్చి, అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనూ ఇదే జత పనికొస్తుంది.