నాటకం రాయడం నేర్చుకుందాం - 3వ పాఠం: ఒకడు, ఇద్దరు, ముగ్గురు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఒక పాత్రను తీసుకుని, వాడికి ఈ క్షణాన ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయమన్నాను. "సంతోషంగా ఉండాలి" అని రాసుంటే కొట్టేయండి, దాన్ని స్టేజి మీద చూపించలేం. "తమ్ముడి చేత సంతకం పెట్టించాలి" అని రాస్తే చూపించగలం, ఎందుకంటే కాగితం కనిపిస్తుంది, పెన్ను కనిపిస్తుంది, పెట్టాడో లేదో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది. ఈ సంతకం గొడవనే ఇవాళ పాఠమంతా వాడుకుందాం.

ముందు కాస్త చరిత్ర. ప్రాచీన గ్రీకు నాటకంలో మొదట్లో కోరస్ బృందంతో (కలిసి పాడుతూ ఆడే గుంపు) పాటు నటుడు ఒక్కడే ఉండేవాడు. రెండో నటుణ్ణి ఈస్కిలస్, మూడో నటుణ్ణి సోఫొక్లిస్ అనే నాటకకర్తలు తెచ్చారని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రాశాడు. (ముగ్గురు నటులంటే మూడే పాత్రలని కాదు, మాస్కులు మార్చుకుని ఒక్కొక్కరు రెండు మూడు వేషాలు వేసేవాళ్లు.) సంఘర్షణ గురించి ఎన్ని నిర్వచనాలు చదివినా నా తలకెక్కలేదు గానీ, ఈ ఒకటి, రెండు, మూడు లెక్కతో ఎక్కింది. మనమూ అదే వరసలో వెళదాం.

ఒక్కడు. అన్న చేతిలో కాగితం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఇల్లు అమ్మకపోతే అప్పు తీరదు, తమ్ముడు ఒప్పుకుంటాడో లేదో" అని తనలో తాను అనుకుంటాడు. దీన్ని స్వగతం అంటారు. విషయం తెలిసింది, కథ మాత్రం అంగుళం కదల్లేదు. కొత్తగా రాసేవాళ్లు ఇక్కడే పేజీలు నింపేస్తారు (నేనూ నింపాను). మాట్లాడే మనిషి లోపల రెండు కోరికలు కొట్టుకుంటుంటే స్వగతం బ్రహ్మాండంగా నడుస్తుంది, వట్టి సమాచారం చెప్పడానికి వాడితే మాత్రం జనం దగ్గడం మొదలుపెడతారు.

ఇద్దరు.

అన్న: ఆ కాగితం చదివావా?
తమ్ముడు: (జేబులు తడుముకుంటూ) కళ్లజోడు ఎక్కడ పెట్టానో కనబడట్లేదు అన్నయ్యా.
అన్న: నీ తల మీదే ఉంది.

చూడండి, తమ్ముడు "పెట్టను" అనలేదు. కళ్లజోడు వెతుక్కున్నాడు, అంతే. అయినా వాడికి ఇష్టం లేదని మనకి తెలిసిపోయింది, అన్నకీ తెలిసిపోయింది, ఇద్దరూ తెలియనట్టు నటిస్తున్నారు. మీరు రాసిన ప్రతి మాట (అంటే డైలాగు) పక్కన పెన్సిల్‌తో ఒక క్రియ రాసుకోండి: అడుగుతున్నాడు, తప్పించుకుంటున్నాడు, దొరకబుచ్చుకున్నాడు. ఏ క్రియా తట్టలేదంటే ఆ మాట తీసేయొచ్చు.

నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాలూ ఈ మూడు మాటల్లోనే పడతాయి. పలికేది వాచికం, జేబులు తడుముకోవడం ఆంగికం, తల మీది కళ్లజోడు ఆహార్యం (వేషధారణ), దొరికిపోయానని తెలిసి పట్టే చెమట సాత్వికం. జేబులు తడుముకోవడం మీరే రాయాలి, అది కథలో భాగం. చెమట సంగతి నటుడికి వదిలేయండి. "కళ్లలో సన్నటి నీటిపొర" లాంటి రంగసూచనలు పదో వరస దాటాక ఎవరికీ కనబడవు.

ముగ్గురు. లోపలి నుంచి అమ్మ వచ్చింది. ఇల్లు అమ్ముతున్నారని ఆవిడకి తెలీదు.

అమ్మ: ఏంట్రా, అంత మెల్లగా మాట్లాడుకుంటున్నారు?
అన్న: ఏం లేదమ్మా, కరెంటు బిల్లు.
తమ్ముడు: అవునమ్మా. ఎవరు కట్టాలా అని.

ఒక్క మనిషి అడుగుపెట్టేసరికి మొత్తం తిరగబడింది. ఇప్పటిదాకా ఎదురు నిలిచిన తమ్ముడు అబద్ధంలో అన్నకి తోడైపోయాడు. "ఎవరు కట్టాలా" అన్న మాట అమ్మకి ఒకలా, అన్నకి ఇంకోలా వినపడుతుంది. ప్రేక్షకులకి అమ్మకన్నా ఎక్కువ తెలుసు కాబట్టి అందరి కళ్లూ ఆ కాగితం మీదే ఉంటాయి, అన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నా అదొక సంఘటనే. సంస్కృత నాటకాల్లో ఇలాంటి చోటికి జనాంతికం అని ఒక ఏర్పాటుంది: త్రిపతాక హస్తం (ఉంగరపు వేలు మడిచి మిగతా వేళ్లు చాచిన చేతి ముద్ర) అడ్డుపెట్టి ఇద్దరు మాట్లాడుకుంటే పక్కనున్న పాత్రకి వినపడనట్టు లెక్క, ప్రేక్షకులకి మాత్రం వినపడుతుంది. ఇవాళ్టి నాటకంలో ఆ పని కరెంటు బిల్లు చేసిపెట్టింది.

అమ్మ ఏ వైపు నుంచి రావాలో కూడా రాయండి. స్టేజికి కుడి, ఎడమ అంటే ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడ్డ నటుడి కుడి, ఎడమ. మొదట్లో అందరూ దీన్ని తిరగేసి రాస్తారు, రిహార్సల్లో ఒకరినొకరు గుద్దుకున్నాక అలవాటవుతుంది.

ఈసారి పని: ఈ రంగాన్ని ఇంకో 12 డైలాగులు పొడిగించండి. ఇల్లు, అప్పు, సంతకం అన్న మాటలు ఎవరి నోటా రాకూడదు. అమ్మ లోపలికి వెళ్లిపోకూడదు. 12వ డైలాగుకి కాగితం అమ్మ చేతిలో ఉండాలి, అదీ ఎవరూ కావాలని ఇవ్వకుండా. 4వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.